పోస్టరు మీద డప్పు ఉంది, డప్పు కొట్టినోడి పేరేది?

రాక్ బ్యాండు మీద సంపాదకీయమా అని కొందరు మిత్రులు మొహం చిట్లిస్తారని మాకు తెలుసు. భూములున్నాయి, కూలి రేట్లున్నాయి, బ్యాక్‌లాగ్ పోస్టులున్నాయి, రోజూ ఏదో ఒక ఊర్లో దాడి ఉంది, ఇన్ని ఉండగా ఈ గిటార్ల గోల మనకెందుకంటారు. ఎందుకంటే ఆ గిటార్ల పక్కన ఇప్పుడు మన డప్పు నిలబడి ఉంది. దాన్ని ఎవరు నిలబెట్టారు, ఏ రేటుకు నిలబెట్టారు, స్టేజీ దింపినంక చేతిలో ఏం పెట్టి పంపారు అన్నది కూలి రేటు సంగతే. అందుకని ఈ పక్షం దీని మీదే రాస్తున్నాం.

ఊళ్ళల్లో చదివే మిత్రుల కోసం ముందు రెండు ముక్కలు. బ్యాండంటే ఇక్కడ పెళ్ళి బ్యాండు కాదు. కరెంటు గిటారు, దాని కింద లోతుగా మోగే బేస్ గిటారు, కాలితో చేతులతో కలిపి వాయించే డ్రమ్ముల సెట్టు, ముందు మైకు పట్టుకున్న పాటగాడు, ఇదీ రాక్ బ్యాండు. సినిమా వాళ్ళ నీడ లేకుండా, పెద్ద కంపెనీ పెట్టుబడి లేకుండా, తమ పాట తామే రాసుకుని తామే రికార్డు చేసి జనంలోకి వదిలే వాళ్ళను ‘ఇండీ’ బ్యాండు అంటున్నారు. అంటే స్వతంత్రులని. ఆ లెక్కన 1990లలో సభల దగ్గర దుప్పటి పరిచి క్యాసెట్లు అమ్ముకున్న మన పాటగాళ్ళే ఈ నేల మీద మొదటి ఇండీలు. ఎవరూ ఆ పేరు పెట్టలేదు, అంతే. కొన్ని పాటలు ఒక్క కట్ట కట్టి విడుదల చేస్తే ఆల్బం. ఆల్బం వచ్చిందంటే వెంటనే షోల తేదీలు వస్తాయి. ఫోన్లో పాట వింటే చేతికొచ్చే పైసలు చిల్లర, అసలు ఆదాయం షోలోనే.

హైదరాబాదులో తెలుగులో పాడే ఇట్లాంటి బ్యాండ్లలో పేరున్నది చౌరస్తా. యశ్వంత్ నాగ్, రామ్ మిరియాల ఆ బ్యాండుతోనే జనానికి తెలిశారు. జమైకా నల్లవాళ్ళ రెగ్గే దరువు మీద మన పల్లె పదాలు పెట్టి పాడారు. వాళ్ళ ‘ఊరెళ్ళిపోతా మామ’ దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో గ్రూప్స్‌కు చదివే మన పిల్లల నోళ్ళలో కూడా ఆడింది. పట్నంలో విసిగిపోయినవాడు ఊరికి తిరిగి పోదామనుకునే పాట. బాగుంటది. మేము కూడా విన్నాం.

విన్నంక ఒక సంగతి మాత్రం మనసులో ముల్లులాగ గుచ్చుకున్నది. ఏ ఊరికి పోవాలె? మనకు ఊరు ఒక్కటి కాదు గదా. ఊరు, వాడ. ఎల్బీనగర్ అడ్డా మీద పొద్దున ఆరింటికి టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డ నల్లగొండ, పాలమూరు మనుషులను అడగండి, ఊరి మీద బెంగతో ఉన్నారా, ఊరు వదిలితే చాలని వచ్చారా అని. కొందరు రెండూ అంటారు. బతుకమ్మకు పోవాలని ఉంటది, దొర ఇంటి ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన నాయిన గుర్తుకొస్తే కాలు ముందుకు పడదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఊరిని పొగిడేవాళ్ళను ఎంత గట్టిగా కడిగారో ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కర లేదు. చౌరస్తా వాళ్ళది తప్పని మేము అనం. వాళ్ళకు తెలిసిన ఊరు వాళ్ళు పాడారు. వాడ నుంచి చూసిన ఊరిని ఎవరు పాడాలె? అది వాళ్ళ పని కాదు, మన పని.

ఇగ షోల సంగతి. మన నాగోల్ దగ్గర మొదలైన మెట్రో రాయదుర్గంలో ఆగుతుంది. 2017 నవంబరులో ఇక్కడ మొదటి బండి కదిలింది, 2019 నవంబరులో రాయదుర్గం దాకా పోయింది. రైలు ఈ కొసన మొదలైతే పాట ఆ కొసన మొదలవుతుంది. మాదాపూర్, గచ్చిబౌలి, జూబ్లీహిల్స్, రాక్ షోలు ఎక్కువ అటు దిక్కే. టికెట్టు రేటు చూస్తే ఒక రోజు కైకిలి పోతుంది. ఆ షోలకు మన పిల్లలు పోతున్నారు, పోవట్లేదని కాదు. గేటు దగ్గర బౌన్సర్లుగా, స్టేజీకి ఇనుప పైపులు మోసేవాళ్ళుగా, తాగిన గ్లాసులు ఎత్తేవాళ్ళుగా పోతున్నారు. మధ్యమధ్య డప్పు కొట్టడానికి కూడా పోతున్నారు.

పోయినేడు మా బస్తీ నుంచి ఆరుగురు పిల్లలు అట్లనే పోయారు. షో మొదట్లో పొగ వదిలి, ఎర్ర లైటు వేసి, వీళ్ళను ఉరికించుకుంటూ స్టేజీ మీదికి తెచ్చారు. నాలుగు నిమిషాలు కొట్టారు. జనం ఈలలు. తర్వాత గిటారు మొదలైంది, వీళ్ళను పక్క మెట్ల మీది నుంచి దింపారు. మనిషికి ఐదు వందలు, ఒక బిర్యానీ పొట్లం. పోస్టరు మేము చూశాం. గిటారు కొట్టినాయన పేరుంది, డ్రమ్స్ కొట్టినాయన పేరుంది, లైట్లు పెట్టినాయన పేరు కూడా ఉంది. డప్పు బొమ్మ పోస్టరు నడిమధ్యన ఇంత పెద్దగా ఉంది. కింద ‘డప్పు బృందం’ అని ఒక్క మాట. ఆరుగురు మనుషులు, ఆరుగురికి అమ్మా నాయిన పెట్టిన పేర్లున్నాయి. ఊర్లో ‘ఒరేయ్ డప్పోడా’ అన్న పిలుపుకూ దీనికీ ఏం తేడా?

ఈ కథ మన దగ్గరే పుట్టలేదు. రాక్ సంగీతం పుట్టిందే ఇట్లా. అమెరికాలో మిసిసిపీ పత్తి చేల నల్ల కూలీల పాట అది. ఆర్థర్ క్రూడప్ అనే నల్ల కూలీ 1946లో ఒక పాట తానే రాసి రికార్డు చేశాడు. 1954లో ఎల్విస్ ప్రెస్లీ అనే తెల్ల కుర్రాడు తన మొదటి రికార్డుగా ఆ పాటనే పాడాడు. ఆ కుర్రాడు రాక్ సంగీతానికి రాజు అయ్యాడు. క్రూడప్ మళ్ళీ పొలం పనికి పోయాడు. తన వాటా కోసం ఏళ్ళ తరబడి కొట్లాడి, అందాల్సింది అందకుండానే 1974లో చనిపోయాడు. పాట రాసినోడు చేలో, పాడినోడు రాజభవనంలో.

మనకు అంత దూరం పోవాల్సిన పని లేదు. నాగోల్ నుంచి ఎల్బీనగర్ దాటి సాగర్ రోడ్డు పట్టుకుంటే తుర్కయంజాల్ వస్తుంది. 2024 మే నెలలో అక్కడ ఒక కట్టడం దగ్గర కూలి పని చేస్తూ కనిపించిన మనిషి దర్శనం మొగిలయ్య. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు. డక్కలి ఇంట పుట్టి, సొరకాయ బుర్రలు, వెదురు, మైనంతో కట్టే పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ చెప్పే మనిషి. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట ఆయన గొంతుతోనే మొదలైంది. రాష్ట్రమంతా ఆ గొంతు మోగింది. ఆ సినిమా హీరో పవన్ కల్యాణ్ 2 లక్షల రూపాయల సాయం ప్రకటించారు. 2022 జనవరిలో పద్మశ్రీ వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కోటి రూపాయలు, ఇంటి జాగా అన్నారు. రెండేళ్ళు తిరిగేసరికి తుర్కయంజాల్‌లో కూలి పని. నెలకు వచ్చే పది వేల గౌరవ భృతి ఆగిందని ఆయనే చెప్పుకున్నాడు. పత్రికల్లో ఫొటో వచ్చినంక గొడవైంది, 2024 సెప్టెంబరులో హయత్‌నగర్‌లో 600 గజాల జాగా కాగితాలు ముఖ్యమంత్రి చేతుల మీదుగా అందాయి.

జాగా వచ్చినందుకు సంతోషమే. కానీ పాఠకులు ఒక్క మాట గమనించాలె. ఈ కథలో ‘సాయం’ ఉంది, ‘గౌరవం’ ఉంది, ‘ప్రకటన’ ఉంది. ‘వాటా’ అన్న మాట ఎక్కడా వినపడదు. ఆ పాట మోగిన ప్రతిసారీ ఇంత అని ఆయన ఇంటికి వచ్చి ఉంటే, దొరల దయ ఆగినా ఇటుకలు మోయాల్సిన గతి పట్టేదా? దయ మీద బతికే కళాకారుడు దయ ఆగిన రోజు అడ్డా మీద నిలబడతాడు. వెట్టిలో కూడా మనకు కూలి లేదు, ‘ఇనాము’ ఉండేది. గుర్తుంది గదా.

వేరే తొవ్వ ఉందా? ఉంది. మద్రాసులో వేశారు. 2018 జనవరి 6న కిల్పాక్‌లో సీఎస్ఐ బైన్ స్కూలు ఆవరణలో ‘ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ అనే బ్యాండు మొదటి షో జరిగింది. ‘కబాలి’, ‘కాలా’ తీసిన పా. రంజిత్ తన నీలం సాంస్కృతిక కేంద్రం తరఫున, టెన్మా అనే రాక్ సంగీతకారుడితో కలిసి కట్టిన బ్యాండు అది. 19 మంది. ఒకే రకం బూడిద రంగు సూట్లు వేసుకుని నిలబడ్డారు. చూస్తే బాబాసాహెబ్ సూటు గుర్తుకు రాక మానదు. ఉత్తర మద్రాసు వాడల్లో శవం ముందు పాడే పాట ‘గానా’. దాన్ని తెచ్చి గిటారు పక్కన కాదు, గిటారు ముందు నిలబెట్టారు. సట్టి, కట్ట మోళం వంటి వాడ వాయిద్యాలే నడిపిస్తే గిటారు వెంబడి నడిచింది. రిజర్వేషన్ల మీద పాట, పెద్దకూర మీద పాట, పరువు హత్యల మీద పాట. వేల మంది నేల మీద కూర్చుని విన్నారు. ఇసైవాణి అనే గానా గాయని ఆ బ్యాండులోనే నిలబడింది. మగవాళ్ళే పాడతారన్న గానాలో ఒక ఆడబిడ్డ గొంతెత్తితే 2020లో బీబీసీ ప్రపంచంలోని వంద మంది మహిళల్లో ఆమె పేరు రాసింది. (మన సభల్లో ఆడబిడ్డలు ఇంకా కోరస్ దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారో మన కళాబృందాల నాయకులు ఒకసారి చెప్పాలె.)

ఆ పేరు కూడా ఊరికే పెట్టుకున్నది కాదు. జనాభా లెక్కల్లో మమ్మల్ని కులం లేని తమిళులుగా రాయండని పందొమ్మిదో శతాబ్దంలోనే అడిగిన అయోతీదాస్ పండితర్ మాట నుంచి తీసుకున్నది. ఆయన 1907లో ఒక వారపత్రిక పెట్టాడు. పేరు ‘ఒరు పైసా తమిళన్’. వెల ఒక్క పైసా. ఇట్లాంటి చిన్న పత్రికలోని మాట వందేళ్ళ తర్వాత రాక్ బ్యాండు పేరైంది. మా పత్రిక చందాలు సరిగ్గా రాని నెలల్లో మేము ఇది తలుచుకుంటుంటాం.

2020 నుంచి నీలం వాళ్ళు డిసెంబరులో ‘మార్గళియిల్ మక్కళిసై’ అని జనం పాటల పండుగ మొదలుపెట్టారు. మార్గళి నెలంటే మద్రాసు సభల్లో కర్ణాటక కచేరీల నెల. సరిగ్గా ఆ నెలలోనే పరై, గానా, ఏడుపు పాటలు పెద్ద హాళ్ళలో పెట్టారు. వేరే నెలలు లేక కాదు.

అక్కడ అంతా బాగుందని కూడా అనుకోవద్దు. సినిమా డైరెక్టరు పేరు వెనక లేకపోతే మొదటి షోకే అంత జనం వచ్చేవాళ్ళా అన్నది న్యాయమైన ప్రశ్న. పేరొచ్చినా దోపిడీ ఆగదనడానికి సాక్ష్యం కూడా అక్కడే ఉంది. ఆ బ్యాండు నుంచి వచ్చిన అరివు 2021 మార్చిలో ‘ఎంజాయ్ ఎంజామి’ పాట రాసి ధీతో కలిసి పాడాడు. సింహళ తేయాకు తోటల్లో చాకిరీ చేసిన తన నాయనమ్మ వల్లియమ్మాళ్ బతుకు, భూమి లేని మనుషుల గోస ఆ పాట. ప్రపంచమంతా తిరిగింది. అదే ఏడు ఆగస్టులో ఒక పెద్ద సంగీత పత్రిక ముఖచిత్రం మీద ధీ ఉంది, అరివు లేడు. గొడవైనంక అరివు బొమ్మతో ఇంకో ముఖచిత్రం వేశారు. 2024లో ఆ పాటకు సంగీతం చేసిన సంతోష్ నారాయణన్ బయటపడి, ఆ పాట మీద ముగ్గురిలో ఎవరికీ కంపెనీ నుంచి ఒక్క పైసా అందలేదని చెప్పాడు. మూడేళ్ళు, కోట్ల మంది విన్న పాట!

కాబట్టి పాట ఉంటే చాలదు, స్టేజీ ఉంటే చాలదు, కాగితం ఉండాలె. ఇక్కడ చట్టం మన దిక్కే ఉంది, మనకు తెలియదు అంతే. 1957 కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణతో పాడేవాళ్ళకు, వాయించేవాళ్ళకు తమ ప్రదర్శన మీద హక్కు వచ్చింది. ఆ చట్టం ప్రకారం ‘ప్రదర్శకుడు’ అంటే ఎవరో చదివితే ఆశ్చర్యపోతారు. గాయకుడు, వాయిద్యకారుడు, నాట్యం చేసేవాళ్ళతో పాటు గారడీవాళ్ళు, పాములాడించేవాళ్ళ దాకా పేరు పెట్టి రాశారు. డప్పు కొట్టినవాడు లెక్కలోకి రాడని ఎవడన్నా అంటే చట్టం తీసి చూపించండి. మనకు తెలియకుండా, ఒప్పుకోకుండా మన డప్పును రికార్డు చేసే హక్కు ఎవరికీ లేదు. 2012 సవరణ ఇంకా ముందుకు పోయింది. 38బి సెక్షన్ ప్రకారం ప్రదర్శకుడికి తన పేరు చెప్పించుకునే హక్కుంది. రికార్డును వ్యాపారానికి వాడితే రాయల్టీ హక్కుంది. పాట రాసినవాళ్ళు, బాణీ కట్టినవాళ్ళు తమ రాయల్టీలో సమాన వాటాను కంపెనీకి రాసిచ్చినా ఆ రాత చెల్లదు.

కానీ అదే 2012 సవరణలో ఒక గుంట కూడా ఉంది. సినిమాలో అప్పటికప్పుడు వచ్చి పోయేవాళ్ళను, టైటిల్స్‌లో పేరు వేయని ఆనవాయితీ ఉన్నవాళ్ళను ప్రదర్శకులుగా లెక్కించనక్కర లేదన్నారు. అంటే పేరు పోతే గౌరవం ఒక్కటే కాదు, హక్కే పోతుంది. ‘డప్పు బృందం’ అని రాసి వదిలేస్తే ఎవరికి లాభమో ఇప్పుడు అర్థమైందా? పేరు కోసం పట్టుబడితే గొప్పలకు పోతున్నామని మన పెద్దలే కొందరు పిల్లలను గదమాయిస్తున్నారు. దయచేసి అట్లా గదమాయించకండి.

ఇంకొన్ని పనికొచ్చే ముక్కలు. హక్కులు ఇంకొకరికి ఇవ్వాలంటే కాగితం మీద, సంతకంతోనే చెల్లుతుంది, నోటిమాట చెల్లదు. ఎన్నేళ్ళకు ఇస్తున్నామో ఆ కాగితంలో రాయకపోతే ఐదేళ్ళే అని చట్టం అంటుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. పాట రాసినవాడి హక్కు అతని జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళు అతని పిల్లలకు ఉంటుంది. వాయించినవాడి హక్కు 50 ఏళ్ళు. రిజిస్ట్రేషన్ చేయకపోయినా హక్కు పుట్టిననాడే పుడుతుంది, కానీ కోర్టుకు పోతే రిజిస్ట్రేషన్ సాక్ష్యంగా నిలబడుతుంది. రాసేవాళ్ళ, బాణీ కట్టేవాళ్ళ రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్ఎస్ సొసైటీ 1969 నుంచి బొంబాయిలో ఉంది. అందులో మన వాడల కవులు ఎందరు చేరారు? తాతల నాటి పాటకు కాపీరైటు లేదు, అది అందరిది. ఆ తాత పాటను ఈ రోజు నువ్వు కొట్టిన కొట్టుడు మాత్రం నీది.

ఇక్కడ మన లోపలి వాదం ఒకటి ఉంది, దాన్ని దాటేసి పోలేం. డప్పు మన బానిసత్వం గుర్తు, దాన్ని పగలగొట్టి పారేయాలని ఒక మాట. తమిళ దేశంలో పరై మీద కూడా ఇదే వాదం నడిచింది. చాటింపుకు, చావుకు, జాతరకు వెట్టిగా కొట్టించుకున్న వాయిద్యం అది, నిజమే. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత లేచిన ఉద్యమంలోనే మన పిల్లలు ఊరి పెద్దల శవాల ముందు కొట్టమని తెగేసి చెప్పారు. 1994లో దండోరా ఆ డప్పునే జెండా చేసుకున్నది. ఈ రెండింటికీ మాకు వైరుధ్యం కనపడదు. పిలిస్తే పోయి కొట్టే డప్పు వేరు, మనం అనుకున్నప్పుడు కొట్టే డప్పు వేరు. గిటారోళ్ళు పిలిస్తే పోవడం మొదటి రకమా రెండో రకమా అనేది ఆ కాగితంలో రాసుకున్నదాన్ని బట్టి ఉంటది.

మా బస్తీ పిల్లలు ఇప్పుడు ఆ ఆరుగురే కలిసి సొంతంగా ఆల్బం చేస్తామంటున్నారు. ఐదు పాటలు అనుకున్నారు. అడ్డా మీద ఒకటి, మ్యాన్‌హోల్ మీద ఒకటి, హాస్టలు పురుగులన్నం మీద ఒకటి అయిపోయాయి. ఒక ఇంజనీరింగు పిల్లవాడు గిటారు పట్టుకుని వచ్చి చేరాడు. రికార్డింగు గదిలో చలికి తోలు డప్పు దిగజారుతుంటే ఫైబర్ డప్పు పెట్టుకోమని సలహా ఇచ్చారట. వీళ్ళు వినలేదు. చిన్న పొయ్యి వెలిగించుకోవడానికి వరండాలో జాగా అడిగారు. గిటారుకు ప్రతి పాటకు ముందు తీగలు సరిచేసుకునే టైమిస్తారు గదా, మా డప్పు కాగడానికి కూడా అంతే టైమియ్యండి అన్నారట. ఈ మాట మాకు బాగా నచ్చింది.

షోలు ఏప్రిల్‌లో. ఏప్రిల్ వస్తే 5న జగ్జీవన్‌రామ్, 11న ఫూలే, 14న బాబాసాహెబ్ జయంతులు. బస్తీ కమిటీలు చందాలు పోగేసి డీజే పెట్టెలు తెస్తాయి. గుండెలదిరే మోత, బాబాసాహెబ్ విగ్రహం ముందు సినిమా స్టెప్పులు. డీజేకు పోసే పైసల్లో సగం పెట్టినా ఆరుగురు డప్పు కళాకారులు, ఒక గాయని, ఒక గిటారు వస్తాయి. ఈసారి కమిటీలు ముందే మాట్లాడుకోవాలని కోరుతున్నాం. మనమే తక్కువ ఇచ్చి, మన పిల్లలే గదా అని బిర్యానీతో సరిపెడితే ఆ గచ్చిబౌలి వాళ్ళను తిట్టే నోరు మనకుండదు. రేటు ముందు, పేర్లు పోస్టరు మీద, రికార్డు చేస్తే ఎవరి ఫోన్లో ఉండాలో కూడా కాగితం మీద. ఆ కాగితం నమూనా తెలుగులో ఒక్క పేజీకి తయారు చేశాం. ఉప్పల్, నాగోల్, సరూర్‌నగర్, హయత్‌నగర్ బస్తీలకు సైకిల్ మీద పంచుతున్నాం. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఒక్కో కట్ట పట్టుకుపోవచ్చు.

ఇంకొకటి. మన మెట్రో పక్కనే ఉప్పల్ భగాయత్‌లో 2019లో పెట్టిన చిన్న శిల్పారామం ఉంది. వారాంతాల్లో కూచిపూడి నాట్యాలు జరుగుతుంటాయి. జరగనీయండి. కళలకోసం అని కట్టిన జాగాలో ఏప్రిల్‌లో ఒక్క సాయంత్రం డప్పుకు, కిన్నెరకు ఇవ్వమని దరఖాస్తు రాశాం. సంతకాలు కావాలె. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి నాగోల్ మెట్రో స్టేషను మెట్ల కింద కూర్చుంటాం. పనికి పోయేవాళ్ళు పోతూ పోతూ సంతకం పెట్టి పోవచ్చు, వేలిముద్రలకు ఇంకు ప్యాడు ఉంటది. డప్పులున్నవాళ్ళు తెచ్చుకోండి, కాగబెట్టడానికి గడ్డి మేము తెస్తాం.